పసుపు సంచి సంగతులు

ఒరేయ్ రమణా,

మారతహళ్ళిలో ఆ నలభై పడకల నర్సింగ్ హోమ్ నీ చేతికిచ్చారని తెలిసి సంతోషమేసింది. అద్దె, నీళ్ళ ట్యాంకర్ల సంగతి ఫోన్లో మాట్లాడుకుందాం. నువ్వడిగిన చెత్త సంగతి మాత్రం ఫోన్లో తేలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

"నెలనెలా ఆ బండివాళ్ళకి డబ్బు కట్టే బదులు మేమే వెనకాల చిన్న ఇన్సినరేటర్, అదే చెత్త కాల్చే పొయ్యి, పెట్టుకుంటే పోలా?" అన్నావు. కుదరదురా. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆసుపత్రి సొంతంగా పెట్టుకోకూడదు. బెంగళూరు చుట్టూ అవి ఉన్నాయి. పోనీ పెట్టనిచ్చారే అనుకో, 30 మీటర్ల చిమ్నీ కావాలి, అంటే దాదాపు పదంతస్తుల ఎత్తు. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు ఊరుకుంటారా?

అయినా ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందో నీకు తెలియాలి. అది సరిగా మండుతుందా లేదా అన్నది సగం నీ వార్డులోనే తేలిపోతుంది. దానికి రెండు గదులుంటాయి. మొదటి గదిలో కనీసం 800 డిగ్రీల దగ్గర చెత్త కాలి వాయువుగా మారుతుంది. ఆ వాయువు రెండో గదిలోకి వెళ్ళి 1050 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు ఉండాలి. ఈ 2 సెకన్లలోనే అసలు పని జరుగుతుంది. డీజిల్ బర్నర్‌తో రెండో గది ఆ వేడి అందుకున్నాకే మొదటి గదిలో సంచి వేయాలి. ముందే వేస్తే సగం కాలిన పొగ నేరుగా చిమ్నీలోకి పోతుంది. ఇంకో తప్పు కూడా చేస్తుంటారు. తలుపు సందుల్లోంచి పొగ వస్తోందని లాగే ఫ్యాన్ వేగం పెంచుతారు. పొగ ఆగుతుంది కానీ, వాయువు రెండో గదిని తొందరగా దాటేస్తుంది. సెకనుకి ఒకటిన్నర ఘనమీటర్ల వాయువు పోతుంటే ఆ గది 3 ఘనమీటర్లుండాలి. ఫ్యాన్ పెంచి దాన్ని 2 ఘనమీటర్లు చేశారా, అదే గదిలో ఒకటిన్నర సెకన్లే మిగులుతాయి.

సరిగా కాలిందో లేదో చూడ్డానికి చిన్న లెక్కుంది. చిమ్నీ వాయువులో కార్బన్ డయాక్సైడ్ శాతాన్ని, అది, కార్బన్ మోనాక్సైడ్ కలిపిన మొత్తంతో భాగించి వందతో గుణించాలి. 99 తగ్గకూడదు. డయాక్సైడ్ 8 శాతం, మోనాక్సైడ్ 0.08 ఉంటే 99.01, గట్టెక్కినట్టే. మోనాక్సైడ్ 0.1కి పెరిగితే 98.77, ఫెయిల్. ఎంత సన్నటి గీతో చూడు. తడి చెత్త ఒకేసారి ఎక్కువ పడితే ఆ గీత దాటిపోతుంది. సెలైన్ సగం మిగిలిన బాటిల్, నీళ్ళోడే గుడ్డలు, ఇవన్నీ కలిపి కట్టిన సంచి తడి కట్టెలు పెట్టిన పొయ్యిలాంటిదే. వేడి నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, మొదటి గదిలో డిగ్రీలు పడిపోతాయి. అందుకే ద్రవాలు సంచిలోకి రాకూడదు.

ఇక అన్నిటికన్నా పెద్ద గొడవ క్లోరిన్‌ది. సెలైన్ సెట్ల గొట్టాలు, యూరిన్ బ్యాగులు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌వి, పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. అది కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి పొగని కడిగే స్క్రబ్బర్ పైపుల్ని తినేస్తుంది. దాన్ని కాస్టిక్ సోడా నీళ్ళతో కడిగేయొచ్చు. డయాక్సిన్ అనే విషం అలా కాదు. వాయువు చల్లబడుతూ 450 నుంచి 200 డిగ్రీల మధ్య నిదానంగా దిగితే బూడిద రేణువుల మీద మళ్ళీ తయారవుతుంది. అందుకే ఆ దశని గబుక్కున దాటించాలి. పరిమితి ఘనమీటరుకి 0.1 నానోగ్రాములు, అంటే గ్రాములో వందకోట్లో వంతుకి పదో వంతు! ఏడాదికోసారి పరీక్ష. నీ దగ్గరి ఆయమ్మ ఒక యూరిన్ బ్యాగుని, కాల్చే చెత్త వేసే పసుపు సంచిలో పడేస్తే, అక్కడి ఆపరేటర్ ఎంత జాగ్రత్తపడినా ఏం లాభం?

కాబట్టి నువ్వు కాపలా కాయాల్సింది సంచుల దగ్గర. పసుపులో రక్తం అంటిన దూది, గాజ్, కట్లు, కాన్పులో పడే మాయ, శస్త్రచికిత్సలో తీసిన భాగాలు, గడువు తీరిన మందులు. ఎరుపులో సూది తీసిన సిరంజి, గొట్టాలు, కాథెటర్లు, గ్లౌజులు. ఇవి కాల్చరు, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) పెట్టి, ముక్కలు చేసి రీసైక్లింగ్‌కి పంపుతారు. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. ఇంజెక్షన్ సీసాలు, పగిలిన గాజు నీలం డబ్బాలోకి. గాజు పసుపులో పడితే కరిగి పొయ్యి అడుగు జల్లెడ (గ్రేట్) మీద గట్టిగా అంటుకుపోతుంది, గీకడానికి పొయ్యి ఆపాల్సిందే. స్ప్రే డబ్బాలు పేలతాయి. పగిలిన పాదరసం థర్మామీటర్, బ్యాటరీలు అసలే వద్దు. ఆ లోహం కాలి పోదు, పొగలోనో బూడిదలోనో తేలుతుంది. క్యాన్సర్ మందులు విడిగా కట్టి రాసిపెట్టు, వాటికి 1200 డిగ్రీలకి మించిన వేడి కావాలి, లేదంటే కంపెనీకి తిప్పి పంపాలి.

చాలాచోట్ల మంచి ఉద్దేశంతో చేసే తప్పొకటుంది: పసుపు సంచిలో వేసే కట్లని ముందు బ్లీచింగ్ నీళ్ళలో ముంచడం. క్రిములు చస్తాయి నిజమే, కానీ క్లోరిన్‌ని నువ్వే పొయ్యిలోకి పంపినట్టు. క్లోరిన్ మందుతో ముందుగా శుద్ధి చేసి కాల్చకూడదని నిబంధనల్లోనే ఉంది. ల్యాబ్‌లో క్రిములు పెంచిన కల్చర్లు, రక్తం బ్యాగులు మాత్రం నీ దగ్గరే శుద్ధి చేసి పంపాలి, దానికి ఆటోక్లేవ్ వాడు.

సంచి కూడా క్లోరిన్ లేనిదే కొనాలి. చిక్‌పేట బజారులో చవగ్గా దొరికాయని రోల్సు తెస్తారు, ఎవరూ చూడరు. నువ్వు చూడు. ఒక ముక్క నీళ్ళలో వేస్తే పాలిథిన్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. ఇంకా అనుమానముంటే రాగి తీగ ఎర్రగా కాల్చి ఆ ముక్కకి ఆనించి మళ్ళీ మంటలో పెట్టు, ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉన్నట్టు. కిటికీ తీసి చెయ్యి, ఆ పొగ మంచిది కాదు.

సంచి ముప్పావు నిండగానే మూతి కట్టించు. గొంతుదాకా నింపితే మెట్ల మీద చిరుగుతుంది. బార్‌కోడ్ అంటించి తూకం వేసి రాయాలి. 48 గంటలకి మించి నిలవ ఉంచకూడదు. ఔటర్ రింగ్ రోడ్డులో బండి ఇరుక్కోవడం, ఆయుధపూజకి డ్రైవర్లు సెలవు పెట్టడం మామూలే, పండగలకి వారం ముందే వాళ్ళతో మాట్లాడుకో. బండి రాలేదని పసుపు సంచిని కార్పొరేషన్ బండెక్కించడం మాత్రం ఛస్తే వద్దు.

నీ దగ్గర ఆయమ్మల్లో మన మదనపల్లె, అనంతపురం వాళ్ళుంటారు, కన్నడ, తమిళం, హిందీ వాళ్ళూ ఉంటారు. డబ్బాల మీద ఇంగ్లీషు బోర్డు దండగ, వస్తువుల ఫోటోలే అంటించు. డబ్బా మంచానికి దూరంగా ఉంటే ఎంత చెప్పినా వినరు. నర్సు ట్రాలీకే ఎరుపు, పసుపు సంచులు, తెల్ల డబ్బా తగిలించు, సగం తప్పులు ఆగిపోతాయి. సూదికి మూత మళ్ళీ పెట్టొద్దని రోజూ చెప్పించు. అందరికీ హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు వేయించు. ఎవరికైనా గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే డాక్టరుకి చూపించాలి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు.

కాగితాల పని పెద్దగా లేదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఏటా జూన్ 30లోపు వార్షిక నివేదిక, రికార్డులు అయిదేళ్ళు దాచడం.

చేరిన రోజే స్టోర్లో ఉన్న సంచుల రోల్సు నీళ్ళలో వేసి చూడు. మునిగితే ఆర్డర్ ఆపించి, ఏ బ్రాండో నాకు మెసేజ్ పెట్టు.

ఇట్లు,
నీ శీను