పార్టీలో చేరనా అని అడిగావు కదా

అమ్మలూ,

మొన్న రాత్రి ఫోన్‌లో "నాన్నా, పార్టీలో చేరమంటున్నారు, చేరనా" అని అడిగితే చూద్దాంలే అని పెట్టేశాను. పక్కనే మీ అమ్మ ఉంది, ఆమె వింటే ఒక్కమాటలో వద్దనేస్తుంది. ఆమె భయం ఆమెది, ఎన్నికల గొడవల్లో కేసులు పడి కోర్టు చుట్టూ తిరుగుతున్న కుర్రాళ్లని రోజూ చూస్తోంది కదా. రెండు రోజులుగా నాకూ అదే ఆలోచన, అందుకే రాస్తున్నాను.

రాజకీయం మనకెందుకు అని మాత్రం నేను అనను. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనిషి పోని వీధి ఉందా? హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లు రావడానికి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరుచుకోవడానికి జనం ఎన్నేళ్లు ఎంతమంది చుట్టూ తిరిగారో నీకు తెలుసు. డబ్బు పెట్టేది ప్రభుత్వం, అందులో కూర్చునేది పార్టీలవాళ్లే. కానీ సోంపేట బీల, ఆ చిత్తడి నేలల సంగతి కూడా చూడు. థర్మల్ ప్లాంటు వద్దని 2010 జులై 14న జనం అడ్డం నిలబడితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, ప్లాంటు మాత్రం రాలేదు. అక్కడ నిలబడ్డవాళ్లు బీలలో చేపలు పట్టుకునేవాళ్లు, వరి పండించుకునేవాళ్లు. ఏ పార్టీ కార్డూ లేకుండానే అంత పని చేశారు. కాబట్టి ఊరికి మంచి చేయాలంటే పార్టీ ఒక్కటే దారి అని నీకెవరైనా చెబితే నమ్మకు.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది గుర్తుందా, తెల్లారి తలుపు తీస్తే మన కొబ్బరితోట అంతా నేల మీద పడి ఉంది, ఆకులన్నీ ఒకవైపుకే. అప్పటికి నేను చాలా ఏళ్లుగా ఒక పార్టీలో ఉన్నాను. నష్టం రాసుకోడానికి అధికారులు వచ్చిన రోజు మా నాయకుడు పక్కనే నిలబడి "ముందు మనోళ్లవి రాయండి" అన్నాడు. మన చెట్లన్నీ లెక్కలోకి వచ్చాయి. వెనకింటి పెద్దత్తవి పదకొండు చెట్లూ పడిపోయాయి, వాళ్లబ్బాయి అవతలి పార్టీలో తిరుగుతాడని ఆమె పేరు దాటేశారు. ఆమె నావైపు చూసింది. నేను చెప్పులో ఇసుక దులుపుకుంటున్నట్టు తల వంచుకున్నాను. "ఆమెవి కూడా పడ్డాయి, రాయండి" అని ఒక్కమాట, అంతే అనాల్సింది. అనలేదు. ఆ తర్వాత నేను ఏ మీటింగుకీ వెళ్లలేదు, ఒంట్లో బాగోక మానేశానని మీ అమ్మ అనుకుంటోంది.

అందుకే చెబుతున్నాను, చేరే ముందు నాయకుల మాటలు కాదు, జెండాలు కట్టేవాళ్లని కదిపి చూడు. మీ పార్టీవాడు తప్పు చేస్తే తప్పని ఎవరన్నారు, అన్నాక వాళ్లనేం చేశారు అని అడుగు. ఒక్క పేరైనా చెప్పగలిగితే ఆ పార్టీలో నీకు చోటు ఉన్నట్టే. నిన్ను మాట్లాడమని పిలుస్తున్నారా, వేదిక మీద దండలు అందించమని పిలుస్తున్నారా అనేది కూడా చూసుకో. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే, 21 నిండితే పోటీ చేయొచ్చు, పైగా అక్కడ పార్టీ గుర్తులు కూడా ఉండవు. అయినా సర్పంచిగా గెలిచేది భార్య, కుర్చీలో కూర్చునేది భర్త, ఇలాంటి ఊళ్లు ఎన్ని చూశామో.

డీఎస్సీ మాట కూడా మర్చిపోకు. టీచర్ ఉద్యోగం వచ్చాక పార్టీలో ఉండడానికి రూల్స్ ఒప్పుకోవు. ఈలోగా కేసు ఏదైనా పడితే వెరిఫికేషన్ దగ్గర టెన్షన్ నీకే, ఆ రోజు తీసుకెళ్లినవాళ్లెవరూ నీ పక్కన ఉండరు.

సంక్రాంతికి వస్తావు కదా, వచ్చినప్పుడు పెద్దత్త ఇంటికి వెళ్లు. ఆ రోజు ఏం జరిగిందో ఆమె నోటితోనే విను, నా గురించి ఏమన్నా సరే పూర్తిగా విను. ఆ తర్వాత కూడా చేరతానంటే మీ అమ్మకి నేను చెప్పుకుంటాను, సభ్యత్వం డబ్బులు కూడా నేనే ఇస్తాను.

నాన్న