కొత్త ఆయిల్ ట్యాంక్‌కి ఇకపై ఫోన్‌లో రేటు చెప్పం

మా కస్టమర్లందరికీ నమస్కారం.

"పాత ట్యాంక్ తుప్పు పట్టిందండీ, ఆ చోటే కొత్తది పెడితే ఎంతవుతుంది?" మసాచుసెట్స్‌లో ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో, యాష్‌లాండ్ వైపు పాత ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు, ఇల్లు వెచ్చబరిచే ఆయిల్ నిల్వ ఉండే ట్యాంక్ గురించి ఫోన్ చేసి ఎక్కువగా అడిగేది ఇదే. ఈ సీజన్ నుంచి ఇల్లు చూడకుండా రేటు చెప్పకూడదని నిర్ణయించుకున్నాం. ఫోన్‌లోనే రేటు చెప్పేవాళ్ళ దగ్గరికి కొందరు వెళ్ళిపోతారని తెలుసు. అయినా ఇదే పద్ధతి, ఎందుకో చెప్తాను.

పాత ట్యాంక్ పెట్టిన నాటికి ఆ బేస్‌మెంట్‌లో ఇంకేమీ ఉండి ఉండదు. తర్వాత ఎవరో దాని పక్కకే ఎలక్ట్రికల్ ప్యానెల్ మార్చి ఉంటారు. ప్యానెల్ ముందు 36 అంగుళాలు ఖాళీ ఉండాలి. మంట వచ్చే దేనికైనా ట్యాంక్ కనీసం 5 అడుగుల దూరంలో ఉండాలి. ఆ ఆయిల్‌ను మండించి ఇల్లు వేడిచేసే బర్నర్ సంగతి అందరికీ గుర్తుంటుంది. పండగ వంటలకని కింద పెట్టుకున్న గ్యాస్ పొయ్యి కూడా మంటే కదండీ.

హోమ్ థియేటర్ కోసం ట్యాంక్ చుట్టూ డ్రైవాల్ కట్టి మూసేస్తామంటే మాత్రం మేం ఒప్పుకోం. స్టీల్ ట్యాంక్ చాలావరకు లోపలి నుంచే పాడవుతుంది. తేమ నీరై అడుగుకి చేరుతుంది, ఆయిల్ కన్నా బరువు కాబట్టి అక్కడే ఉండిపోయి, మడ్డితో కలిసి రేకును తినేస్తుంది. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. అడుగు భాగాన్ని చేత్తో తడిమితే వేళ్ళకి జిడ్డు తడి అంటుకుందంటే లీకు మొదలైనట్టే. అలా తడిమి చూసేంత చోటు ట్యాంక్ చుట్టూ వదలాల్సిందే.

మామూలు 275 గ్యాలన్ల ట్యాంక్ నిండితే బరువు దాదాపు 2,000 పౌండ్లు, అంతా నాలుగు కాళ్ళ మీదే. నేల పగిలి ఉంటే ముందు అది బాగుచేయించాలి. మంచు కరిగే రోజుల్లో నీళ్ళు చేరే బేస్‌మెంట్ అయితే కాళ్ళను నేలకు బిగిస్తాం. ఆయిల్ తక్కువున్న ట్యాంక్ నీళ్ళలో తేలి, బర్నర్‌కి ఆయిల్ వెళ్ళే లైన్‌ను తెంపేస్తుంది.

మా సలహా రెండు పొరల ట్యాంక్. లోపల ప్లాస్టిక్, బయట స్టీల్. లోపలిది కారినా ఆయిల్ బయటి పొరలోనే ఆగుతుంది. అయితే మేం పెట్టే రకానికి అడుగున అవుట్‌లెట్ ఉండదు. ఇన్నాళ్ళూ కిందినుంచి దానంతటదే జారి వచ్చిన ఆయిల్‌ను ఇకమీదట బర్నర్ పంపు పైనుంచి లాక్కోవాలి. లైన్‌లో సూదిమొనంత సందున్నా గాలి చేరి బర్నర్ ఆగిపోతుంది. అందుకే ట్యాంక్‌ను ఎంత దూరం జరిపితే లైన్ పని, ఖర్చు అంత పెరుగుతాయి. కాంక్రీటులో పూడ్చిన పాత రాగి లైన్‌ను మేం మళ్ళీ వాడం. మసాచుసెట్స్ చట్టం ప్రకారం చాలా ఇళ్ళకు 2011 నాటికే ఆయిల్ లైన్‌కి తొడుగో, సేఫ్టీ వాల్వో పెట్టించి ఉండాలి. అవి లేని ఇళ్ళు మాకు ఇప్పటికీ తగులుతున్నాయి.

బయట పెట్టమని అడిగేవాళ్ళూ ఉన్నారు. చలి 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి వస్తే ఆయిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. కిరోసిన్ కలిపించుకుంటే ఖర్చెక్కువ. చూరు కింద పెడితే పైనుంచి జారిపడే మంచుగడ్డకి ఫిల్టర్ విరిగి, ఆయిలంతా నేలపాలవుతుంది. లోపల చోటుంటే బయట పెట్టం.

వాస్తు గురించి అడగడానికి మొహమాటపడకండి. ఆగ్నేయం మూలలో ఈ కొలతలన్నీ కుదిరితే సంతోషంగా అక్కడే పెడతాం. కుదరకపోతే కుదరదని ముందే చెప్తాం.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది పాత ఫిల్ పైపు, అంటే ఆయిల్ ట్రక్కు నుంచి ట్యాంక్ నింపే పైపు. ట్యాంక్ చోటు మారాక బయటి గోడకి ఆ పైపు అలాగే మిగిలిపోతే, తెలియని డ్రైవర్ ఎవరో ఒకరోజు దానికే గొట్టం తగిలిస్తాడు. లోపల ట్యాంక్ లేదు. ఆయిల్ నేరుగా బేస్‌మెంట్ నేల మీద పడుతుంది. ఇలాంటివి నిజంగా జరిగాయి. మూత బిగించి వదిలేస్తే చాలదు, పైపు మొత్తం తీసేసి గోడ పూడ్చాకే మా పని అయినట్టు. కొత్త ఫిల్ పైపు, ట్యాంక్‌లోని గాలి బయటికి పోయే వెంట్ పైపు దగ్గర దగ్గరగానే ఉండాలి. ట్యాంక్ నిండుతున్నంతసేపూ వెంట్‌లో విజిల్ మోగుతుంది, అది ఆగగానే డ్రైవర్ ఆపేయాలి. విజిల్ అతనికి వినిపించకపోతే ట్యాంక్ పొంగుతుంది.

ఇవన్నీ చూశాకే రేటు కాగితం మీద రాసిస్తాం. మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ మేమే తీసుకుంటాం, దానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి చలి ముదిరేదాకా ఆగకండి. ఒకటి రెండేళ్ళలో కరెంటుతో ఇల్లు వేడిచేసే హీట్ పంప్‌కి మారే ఆలోచనుంటే అది కూడా ముందే చెప్పండి. మన రాష్ట్రంలో కరెంటు, గ్యాస్ కంపెనీలు నడిపే ఎనర్జీ పొదుపు పథకం మాస్ సేవ్ ఇచ్చే రాయితీలు ఒకసారి చూసుకోండి. పాత ట్యాంక్ ఇంకా గట్టిగా ఉంటే, కొత్తది వద్దని మేమే చెప్తాం.

ఫోన్ చేసేముందు రెండు ఫొటోలు పంపండి: ట్యాంక్ అడుగు భాగం ఒకటి, బేస్‌మెంట్‌లోకి దిగే తలుపు ఒకటి. ఆ తలుపు వెడల్పు టేపుతో కొలిచి రాస్తే ఇంకా మంచిది, ఏ సైజు ట్యాంక్ లోపలికి దిగుతుందో మాకు ముందే తెలుస్తుంది.