త్రాసుకు కూడా వాడిన మాట

ప్రియమైన మురళీ,

నీ అనువాదంలో ఇంగ్లీషు 'రైచస్‌నెస్' (righteousness) అన్నచోటల్లా 'నీతి' అని రాసుకుంటూ పోతే చాలదా అని అడిగావు. చాలదు. ఎందుకో చెప్పడానికి కూర్చున్నాను, కాస్త ఓపిక పట్టు.

ఇంగ్లీషు కథ చిన్నదే. పాత ఇంగ్లీషులో ఆ మాట 'రిహ్ట్‌విస్'. 'రిహ్ట్' అంటే తిన్ననిది, సరైనది. 'విస్' అంటే తీరు. 16వ శతాబ్దంలో 'కర్టియస్' (courteous) లాంటి మాటల సావాసంతో తోక మార్చుకుని 'రైచస్' అయింది. ఆ 'రిహ్ట్'కు, మన 'ఋజువు'లోని సంస్కృత 'ఋజు'కు మూలధాతువు ఒకటే. అందుకే నాకు 'నీతి' కన్నా 'ఋజువర్తన' దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది.

అసలు సంగతంతా హీబ్రూలో ఉంది. బైబిల్ పాత నిబంధనలో ఈ మాట వెనక ఉండేవి ముఖ్యంగా 'సెదెక్', 'సెదకా'. లేవీయకాండం 19వ అధ్యాయంలో 'సెదెక్'ను దేనికి వాడారో తెలుసా? త్రాసుకు, తూకపు రాళ్లకు! ద్వితీయోపదేశకాండం 24 ఇంకా బాగుంటుంది. పేదవాడు అప్పుకు పైబట్ట తాకట్టు పెడితే పొద్దుగుంకేసరికి తిరిగి ఇచ్చేయాలి, వాడు కప్పుకుని పడుకోవాలి కదా. అలా ఇవ్వడమే నీకు 'సెదకా' అవుతుందంటుంది. ఉపవాసాల ఊసు లేదు, మనసు శుద్ధి మాట లేదు. అప్పిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, మధ్యలో ఒక బట్ట, అంతే.

తర్వాత యూదులు దానాన్నే 'సెదకా' అన్నారు. అంటే దయ తలచి పడేసేది కాదు, ఇవ్వవలసి ఉండి ఇచ్చేది. (మనమూ 'దానధర్మం' అని రెండింటినీ కలిపే అంటాం, ఎప్పుడైనా ఆలోచించావా?) 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అట్టడుగున ఉన్నవాడు అయిష్టంగా ఇచ్చేవాడు. పైమెట్టు మీద ఉన్నవాడు అప్పో, పనో, వ్యాపారంలో పొత్తో ఇచ్చి ఎదుటివాడు మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా చేసేవాడు.

అదే మాట గ్రీకులో 'దికయోసునే', లాటిన్‌లో 'యుస్టిషియా' అయ్యేసరికి దానికి న్యాయస్థానం వాసన పట్టింది. బైబిల్ కొత్త నిబంధనలోని రోమా పత్రికలో 'దేవుని నీతి' అన్న మాట చదివి జర్మన్ క్రైస్తవ సంస్కర్త లూథర్‌ మొదట శిక్షించే న్యాయాధిపతే గుర్తొచ్చి హడలిపోయాడు. అది దేవుడు ఉచితంగా ఇచ్చేదని తర్వాత అర్థం చేసుకున్నాక గానీ కుదుటపడలేదు.

ఇక 'సెల్ఫ్‌రైచస్' అంటావా, నీతి తన సొంత ఆస్తి అనుకునేవాడు. వాడికి త్రాసుతో పనే లేదు, తనను తానే తూచుకుంటాడు!

కాబట్టి నీ అనువాదంలో ఒకే మాటను అన్నిచోట్లా అతికించకు. త్రాసు దగ్గర 'సరైన' చాలు. తాకట్టు బట్ట దగ్గర 'ధర్మం' వేసి చూడు. లూథర్ భయపడ్డ చోట మాత్రం 'నీతి'ని కదపకు. ఆ పేజీలు ముందు నాకు పంపు.

నీ
రవి