వసంతారంభపు వాతావరణం, ప్రాంతీయ సూచనలు

సభ్యులకు నమస్కారం. సమశీతోష్ణ మండలాలలో వసంతారంభాన ఒక రోజు ఎండ కాసి మర్నాడే చలిగాలి ముంచుకురావడానికి ప్రధాన కారణం, ధ్రువప్రాంతపు చల్లగాలి పూర్తిగా వెనుదిరగకముందే వెచ్చని గాలి విస్తరించడమూ, ఆ రెంటి సరిహద్దు పైన చాలా ఎత్తున వేగంగా వీచే గాలి, అంటే జెట్ ప్రవాహం, మెలికలు తిరగడమూ. ఆ మెలిక కొద్దిగా జరిగినా, ఒక ప్రాంతానికి చెప్పిన వాన పక్క ప్రాంతంలో కురుస్తుంది. ఉష్ణోగ్రత 0 డిగ్రీల దగ్గర ఉంటే ఒకటి రెండు డిగ్రీల తేడాతోనే వాన మంచుగా మారుతుంది. సూచనలు ఇచ్చేవారికి ఎక్కువగా తిట్లు పడేది అప్పుడే.

వాతావరణాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే ప్రపంచ నమూనాలలో సూక్ష్మమైన వాటిలో ఒకటైన యూరోపియన్ వాతావరణ సూచనల కేంద్రపు (ECMWF) నమూనా కూడా భూమిని దాదాపు 9 కిలోమీటర్ల గడులుగా లెక్కిస్తుంది కనుక, ఇరుకు లోయలు, కొండవాలులు అందులో సరిగా కనిపించవు. ఇంకా చిన్న గడులతో నడిచే ప్రాంతీయ నమూనాలు ఆ లోటును తీరుస్తాయి గానీ, వాటి అంచుల దగ్గరి విలువలు ప్రపంచ నమూనా నుంచే వస్తాయి కాబట్టి అక్కడి తప్పు వీటిలోకీ చేరుతుంది. అదే కేంద్రం లెక్క మొదలయ్యే వాతావరణ స్థితిని స్వల్పంగా మార్చి 51 లెక్కలు నడుపుతుంది. అవన్నీ దగ్గరదగ్గరగా ఉంటేనే సూచనపై నమ్మకం పెట్టుకోవచ్చు.

కనుక గ్రూపులో సూచన పంచుకునేవారు అది వెలువడిన సమయాన్ని, వాన పడే సంభావ్యత శాతాన్ని తప్పక జతచేయగలరు.