దేశానికి తండ్రి అక్కరలేదు

సీతమ్మధార,
విశాఖపట్నం.

బాబూ,

ఆశీస్సులు. ఇంటికి పెద్ద ఉన్నట్టే దేశానికీ ఎవరూ ఎదురుచెప్పని పెద్ద ఒకడు ఉండాలని మొన్న ఫోనులో అన్నావు. అది ఫోనులో తేలే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

నియంతలకు ఎంతో ఇష్టమైన పోలిక అది. అధికారం దక్కిన వెంటనే వాళ్ల చూపు ఇళ్లలోకి పోతుంది. ఇటలీలో ముస్సోలినీ 1927లో పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశాడు. జర్మనీలో హిట్లర్ ప్రభుత్వం 1933లో కొత్త జంటలకు వెయ్యి మార్కుల (అక్కడి డబ్బు) దాకా అప్పు ఇచ్చింది, పెళ్లికూతురు ఉద్యోగం మానెయ్యాలన్న షరతుతో. బిడ్డ పుట్టిన ప్రతిసారీ అందులో పావువంతు మాఫీ. ఫ్రాంకో ఏలిన స్పెయిన్‌లో భార్య పనిలో చేరాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా 1975 వరకూ భర్త అనుమతి కావలసిందే. కమ్యూనిస్టునని చెప్పుకున్న చౌషెస్కూ 1966లో రొమేనియాలో గర్భస్రావాలను నిషేధించాడు. చాటుమాటు వైద్యాలకు వేలమంది ఆడవాళ్లు బలైపోయారు. జెండాల రంగులు వేరు, ఆడవాళ్ల మీద పట్టు మాత్రం ఒకటే.

ఎందుకో ఆలోచించు. ఓటునూ, పత్రికనూ, సంఘాన్నీ లాక్కున్న పాలకుడు మగవాడికి బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. ఇంట్లో చిన్న సింహాసనం ఇస్తాడు. బయట తలవంచినవాడు లోపల తల ఎగరేస్తాడు. ఆ ఇంట్లో అడగడమే తప్పని నేర్చుకున్న పిల్లలు రేపు ఎవరిని అడుగుతారు?

రాజకీయాల్లో భక్తి చివరికి నియంతృత్వానికి చేరుస్తుందని 1949లో రాజ్యాంగ సభలో హెచ్చరించిన అంబేద్కరే, స్త్రీలకు ఆస్తి, విడాకుల హక్కులిచ్చే హిందూ కోడ్ బిల్లును పక్కనపెట్టారని 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. ఆ రెండూ ఆయనకు ఒకే పోరాటమని నా గట్టి నమ్మకం.

మీ నాన్నగారూ ఇంటికి పెద్దే కదా అంటావు. అవును. గాజువాక స్థలానికి బయానా ఇవ్వబోతుంటే, ఇంటర్ చదువుతున్న మీ అక్క కాగితాల్లో హద్దులు కలవడం లేదంది. ఆయన కోప్పడలేదు. డబ్బు వెనక్కి లోపల పెట్టి, వకీలు దగ్గరికి అక్కనే వెంటబెట్టుకు వెళ్లారు. నేను గౌరవించిన పెద్దరికం అది. ఐదేళ్లకోసారి మార్చగలిగే నాయకుడిని తండ్రి చేసుకుంటే, మార్చే హక్కు మనమే వదులుకున్నట్టు.

ఇక భీమిలి దగ్గర తాతగారి భూమి సంగతి. పెళ్లికి ఖర్చుపెట్టాం కాబట్టి అక్కకు వాటా ఎందుకని మీ బాబాయి అంటున్నాడు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వచ్చే హక్కును మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. అక్కతో నువ్వే మాట్లాడు, నేను ఆజ్ఞాపించానని కాక నీకు సబబని తోచితేనే. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ఆధార్ కార్డు తెచ్చుకో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడుగుతారు.

అమ్మ