మా జూనియర్ అడిగిన ఏడు ప్రశ్నలకు జవాబు ఎవరిస్తారు?

విశాఖపట్నం,
21 జులై 2025.

కస్టమర్ సర్వీసు విభాగాధిపతి గారికి,

విషయం: జూన్ 10 తర్వాత మెంటర్ రాకపోవడం, ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మీ వాళ్లు పట్టించుకోకపోవడం గురించి.

నమస్కారం.

మధురవాడలో పద్నాలుగు మంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. పోర్టుకు సరుకు తోలే లారీ ట్రాన్స్‌పోర్టర్లకు ట్రిప్పు షీట్ల ప్రోగ్రామ్ చేసి ఇస్తాం. కొత్తగా చేరే జూనియర్లకు బయటి అనుభవజ్ఞులు పని నేర్పే మెంటరింగ్ కోసం మీ ఏడాది ప్లాను తీసుకోవడం ఇది మూడోసారి. మొదటి రెండేళ్లూ మీ మెంటర్లు చాలా బాగా చెప్పారు. మా మాట మీద రుషికొండ ఐటీ హిల్ మీద ఇంకో రెండు ఆఫీసులు కూడా మీ దగ్గరే చేరాయి. ఆ నమ్మకంతోనే ఈసారి ఏడాది డబ్బూ ముందే కట్టేశాం. మంగళవారం, శుక్రవారం 45 నిమిషాల చొప్పున సెషన్లు, రాసి అడిగిన ప్రశ్నకు ఒక పనిదినంలో జవాబు, పుల్ రిక్వెస్టు (రాసిన కోడ్‌ను చూసి కలపమనే అభ్యర్థన) పెడితే రెండు పనిదినాల్లో రివ్యూ. ఇవి మీరు ఒప్పందంలో రాసిచ్చిన మాటలే.

మెంటర్ రావడం మానేశాడని మాత్రమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మనిషన్నాక ఒంట్లో బాగుండకపోవచ్చు, ఉద్యోగం మారవచ్చు. ఇంకొకరిని పెడితే సరిపోయేది. ఆరు వారాలుగా మీ సంస్థలో ఒక్కరు కూడా మా మాట చివరిదాకా వినలేదు. నా కోపం దాని మీద.

జరిగింది వరసగా చెబుతాను. ఇప్పటికి ఐదుసార్లు ఐదుగురికి మొదటి నుంచి చెప్పాను. ఆరోసారి కాగితం మీద ఉండాలి.

జూన్ 10 మంగళవారం ఆఖరి సెషన్. 13న మెంటర్ రాలేదు. మా జూనియర్ అమ్మాయి 45 నిమిషాలూ వీడియో కాల్‌లో ఒక్కతే కూర్చుంది. 17నా అంతే. ఆ సాయంత్రం మీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాం. 24 గంటల్లో సంప్రదిస్తామని మెసేజి వచ్చింది. మూడో రోజు ఫోన్ చేసిన అబ్బాయి "మెంటర్ రాలేదనడానికి స్క్రీన్‌షాట్ పంపండి మేడమ్" అన్నాడు. రాని మనిషికి స్క్రీన్‌షాట్ ఎలా తీస్తారు? ఖాళీ కాల్‌నే తీసి పంపాం. తర్వాత చేసిన అమ్మాయి బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేసి మళ్లీ లాగిన్ అవ్వమంది. అదీ చేశాం. 20న కాల్ ఖాళీ, 24న కాల్ ఖాళీ.

మూడో ఆయన రికార్డు చూసి, "13, 17, 20, 24 సెషన్లు నాలుగూ పూర్తయినట్టే ఉన్నాయి మేడమ్" అన్నాడు. అంటే జరగని మూడు గంటలను మా లెక్కలోంచి తీసేశారు. తప్పు అంటే "సిస్టమ్‌లో అలాగే చూపిస్తోంది" అన్నాడు. ఎవరో బటన్ నొక్కితేనే గదా సిస్టమ్ పూర్తయిందని చూపించేది! ఏ అకౌంటు నుంచి, ఏ టైముకు నొక్కారో లాగ్ తీస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ లాగ్ తీయమని మూడుసార్లు అడిగాను. ఇప్పటికీ తీయలేదు.

నాలుగో ఫోన్ మీ సేల్స్ నుంచి. ప్రీమియం ప్లానుకు మారితే ఇద్దరు మెంటర్లు ఉంటారట. ఉన్న ఒక్కరూ రావడం లేదని మొత్తుకుంటున్న మనిషికి ఆ ఫోన్ చేసే ముందు ఫిర్యాదు ఒకసారి చదివి ఉండాల్సింది. ఐదో ఆవిడ అన్నీ రాసుకున్నట్టే విన్నది, పైవాళ్లకు పంపుతానంది. జూన్ 29, ఆదివారం, రాత్రి 11 గంటల 40 నిమిషాలకు మెయిల్ వచ్చింది: "కస్టమర్ నుంచి స్పందన లేనందున ఫిర్యాదు ముగించడమైనది." మమ్మల్ని ఏమీ అడగకుండానే స్పందన లేదన్నారు. మళ్లీ తెరవాలంటే కొత్త నంబరు తీసుకోవాలన్నారు, కొత్త నంబరు కింద పాత సంభాషణ ఒక్క ముక్క కూడా లేదు.

జులై 8న పని మానుకుని ద్వారకానగర్‌లోని మీ బ్రాంచికి వెళ్లాను. వాచ్‌మన్ కుర్చీ వేసి మంచినీళ్లిచ్చి, "మేనేజరు బాబు హైదరాబాద్ ఎల్లిపోనారమ్మా, ఎప్పుడొస్తారో నాకు చెప్పలేదు" అన్నాడు. ఈ ఆరు వారాల్లో మీ వైపు నుంచి నాకు దొరికిన సూటి జవాబు అదొక్కటే. ఆయనకు నా కృతజ్ఞతలు చెప్పండి.

"మీ ఆఫీసులో సీనియర్లున్నారు కదా మేడమ్, మీరే చెప్పుకోవచ్చు కదా" అని కూడా మీ వాళ్లొకరు అన్నారు. చెబుతున్నాం, రోజుకు అరగంట. కానీ రేపు అప్రైజల్ రాసేది మేమే. తన జీతం పెంచాల్సిన మనిషి దగ్గర "నాకిది తెలియదు" అనడానికి ఏ కొత్త పిల్లకైనా నోరు రాదు. బయటి మెంటర్‌కు డబ్బు కట్టేది అందుకే. వ్యాపారం నడుపుతున్న మీకు ఈ సంగతి మాకంటే బాగా తెలిసుండాలి.

జూనియర్‌కు లాంగ్వేజి నేర్పడానికి వీడియోలు బోలెడున్నాయి. మెంటర్ నేర్పాల్సింది అడగడం. ఆ పద్ధతి మాకు అలవాటు చేసింది మీ పాత మెంటర్లే: అరగంట సొంతంగా కుస్తీ పట్టు, కాకపోతే ఆపేసి అడుగు; అడిగేటప్పుడు ఏం చేశావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది అనే మూడూ రాయి. మా అమ్మాయి అక్షరాలా అలాగే చేసింది. జూన్ మొదటి వారంలో తొమ్మిది ప్రశ్నలు అడిగింది, అన్నిటికీ జవాబులొచ్చాయి. 11 నుంచి 27 లోపు ఏడు అడిగింది, దేనికీ రాలేదు. ఆ తర్వాత ఒక్కటి కూడా అడగలేదు.

ఆ ఏడింటిలో మూడోది చూడండి. "సార్, రిపోర్టులో కొన్ని ట్రిప్పులు ఒక రోజు వెనక్కి పడుతున్నాయి. 5:30 కలిపితే కొన్ని సరిపోతున్నాయి, కొన్ని ఒక రోజు ముందుకు పోతున్నాయి. ఎందుకు?" ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. డేటాబేసులో టైము యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) ఉంటుంది, మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. 5వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు బయల్దేరిన లారీ డేటాబేసులో 4వ తేదీ రాత్రి 8:30కి ఉంటుంది. తేదీని బట్టి రిపోర్టు తీస్తే అది 4వ తేదీలో పడుతుంది. మా కస్టమర్ల లారీలు ఎక్కువగా రాత్రిపూటే కదులుతాయి కాబట్టి ఇది పెద్ద తప్పే. పిల్ల క్వెరీలో, అంటే డేటాబేసును వివరాలు అడిగే ఆదేశంలో, 5:30 కలిపింది. స్క్రీన్ మీద చూపించే కోడ్ అప్పటికే మన టైముకు మారుస్తోంది, అంటే రెండుసార్లు కలిసింది. దాంతో సాయంత్రం 6:30 దాటిన ప్రతి ట్రిప్పూ మర్నాటికి పోయింది. తెల్లవారుజామువి తేదీకి సరిపోయినట్టు కనబడినా గంటలు తప్పు. చెప్పాల్సింది ఇంతే: డేటాబేసులో యూటీసీనే ఉంచు, మార్చేది ఒక్కచోటే మార్చు, 5వ తేదీ రిపోర్టు కావాలంటే యూటీసీలో 4వ తేదీ 18:30 నుంచి 5వ తేదీ 18:30 లోపు వరకు తియ్యి. కాగితం మీద గీత గీసి చెబితే పావుగంట పని. ఆ పిల్ల రెండు రోజులు కూర్చుంది.

ఐదో ప్రశ్న జూన్ 20 శుక్రవారం, ఖాళీ కాల్‌లోంచే టైప్ చేసింది. "గిట్ రీసెట్ హార్డ్ కొట్టాను, రెండు రోజుల కమిట్లు కనబడడం లేదు. తిరిగొస్తాయా సార్?" వస్తాయి. గిట్ అంటే కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం, కమిట్ అంటే అందులో భద్రపరిచిన మార్పు, రీసెట్ హార్డ్ అంటే పాత స్థితికి తిప్పేయడం. కమిట్ చేయని మార్పులైతే పోయినట్టే, కానీ చేసిన కమిట్‌ను గిట్ వెంటనే చెరిపెయ్యదు. మామూలు సెట్టింగుల్లో కనీసం 30 రోజులు రెఫ్‌లాగ్ అనే తన చిట్టాలో ఉంచుతుంది. "రెఫ్‌లాగ్ చూడమ్మా" అని ఒక్క ముక్క రాస్తే ఐదు నిమిషాల్లో దొరికేవి. శని, ఆదివారాలు కూర్చుని అంతా మళ్లీ రాసుకుంది. మాకు తెలిసింది సోమవారం.

రివ్యూ సంగతి ఇంకా ఘోరం. జూన్ 26న తను 1,140 లైన్ల పుల్ రిక్వెస్టు పెట్టింది. అంత పెద్దది పెట్టడం తప్పే, మెంటర్ మొదట చెప్పాల్సిందే "దీన్ని నాలుగు ముక్కలు చెయ్యి" అని. శ్రద్ధగా చదివేవాళ్లు గంటకు మూడు నాలుగు వందల లైన్లు చదివితే గొప్ప. మీ "రివ్యూ టీమ్" అకౌంటు నుంచి మూడు నిమిషాల్లో జవాబొచ్చింది: "ఎల్‌జీటీఎం". నా కంటికి బాగుంది అని అర్థం. ఎవరి కంటికి? అందులో రెండుసార్లు కలిసిన 5:30 ఉంది. లూపులో పెట్టిన క్వెరీ కూడా ఉంది: ట్రిప్పుల జాబితాకు ఒకటి, మళ్లీ ప్రతి ట్రిప్పుకూ డ్రైవరు పేరు కోసం ఒకటి. టెస్టులో ఇరవై ట్రిప్పులే కాబట్టి 21 క్వెరీలు, ఆలస్యం తెలియదు. ఒక కస్టమర్ నెల లెక్క తీస్తే 4,000 ట్రిప్పులు, 4,001 క్వెరీలు. ఒక్కోటి 5 మిల్లీసెకన్లు అనుకున్నా 20 సెకన్లు పేజీ తెల్లగా ఉంటుంది. మంచి మెంటర్ దీన్ని తప్పని కూడా అనడు. "క్వెరీ లాగ్ ఆన్ చేసి లెక్కపెట్టు, ఎన్ని వచ్చాయి? నాలుగు వేల ట్రిప్పులైతే ఎన్ని?" అంటాడు. లెక్క తన నోటితో తను చెప్పాక, అన్నీ ఒకే క్వెరీలో తెచ్చే జాయిన్ చూపిస్తాడు. అలా నేర్చుకున్నది మళ్లీ మర్చిపోరు. "బాగుంది" అని ముద్ర వేస్తే అదే సరైన పద్ధతి అనుకుని ఇంకో పది చోట్ల రాస్తుంది. అది కస్టమర్ దాకా పోకముందే మా ఆఫీసులో పట్టుకున్నాం.

ఇక జూన్ 27న అడిగిన ఏడో ప్రశ్న ఇది. "సార్, నేను అడిగేవి మరీ చిన్న ప్రశ్నలా? అందుకే చెప్పడం లేదా?"

ఇది మీ సిస్టమ్‌లోనే ఉంది. ఎవరైనా తెరిచి చూశారా? ఆమె తెలివైన పిల్ల. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషులో అడగడానికి వెనకాడుతూనే తొమ్మిది ప్రశ్నలు అడిగి ధైర్యం తెచ్చుకుంది. ఆ ధైర్యం మీ మౌనం వల్ల పోయింది. ఇప్పుడు మేం పక్కన కూర్చుని "ఏమైనా ఉందా అమ్మా" అంటే "ఏం లేదు మేడమ్" అంటోంది. ఇది ఏ రీఫండ్‌తో తిరిగొస్తుందో మీరే చెప్పండి.

పేరు, అనుభవం ముందే తెలిపి ఒక మెంటర్‌ను పెట్టండి. జూన్ 13 నుంచి జులై 18 దాకా జరగని పదకొండు సెషన్లను మా లెక్కలో తిరిగి కలపండి, నాలుగింటిని పూర్తయినట్టు ఎవరు నొక్కారో రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఏడు ప్రశ్నలకూ జవాబులు ఆమె పేరు మీదే రాయండి, అన్నిటికంటే ముందు ఏడోదానికి. జులై 28 సోమవారం సాయంత్రం 5 గంటలలోపు ఇవి జరగకపోతే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇమ్మని మా లాయరు నోటీసు పంపుతారు. కొండ మీద మా మాట విని చేరిన ఆ రెండు ఆఫీసులకూ ఈ ఉత్తరం కాపీ నేనే తీసుకెళ్లి ఇస్తాను.

ఫోన్ చేసేవారు జూన్ 17 నాటి మొదటి ఫిర్యాదును, ఈ ఉత్తరాన్ని చదివాకే చేయండి. ఇంకోసారి మొదటి నుంచి చెప్పను.

ఇట్లు,
టెక్నికల్ లీడ్,
మధురవాడ, విశాఖపట్నం.