ఇంజిన్ నంబర్ చూశారు, బ్రేకులు చూడరా?

సంపాదకులకు నమస్కారం.

పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లలో వేరే ఇంజిన్ బిగించుకోవడం గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అలా చేస్తే బండి పాతదనం పోతుందని రచయిత బాధపడ్డారు. నాకా బాధ లేదు, నేనూ మార్పించుకున్నవాణ్నే. కంపెనీయే మార్చింది కదా! 1950లో వెనకాల గాలితో చల్లబడే 25 హార్స్‌పవర్ ఇంజిన్‌తో మొదలైన బండి అది. దాన్ని అప్పటికీ తయారుచేస్తున్న బ్రెజిల్‌లో పొగ నిబంధనలు బిగిసేసరికి 2005 చివర్లో దానికి నీళ్లతో చల్లబడే 1.4 లీటర్ ఇంజిన్ పెట్టారు, ముందువైపు రేడియేటర్ కోసం నల్ల గ్రిల్ తగిలించారు. మొహం చెడిందంటే మాత్రం ఒప్పుకుంటాను.

నా గోడంతా తనిఖీ గురించే. ఇంజిన్ మార్చాక బండిని చూపించడానికి వెళ్తే నంబర్ కాగితాలతో సరిచూశారు, పొగ చూశారు, పంపేశారు. చక్రాల వైపు ఎవరూ వంగి చూడలేదు. నాది 1960ల నాటి బండి, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వేడిని బాగా తట్టుకునే డిస్క్ బ్రేకులు ముందు చక్రాలకు 1971 మోడల్ నుంచి గానీ రాలేదు. పాత ఇంజిన్‌కి పరుగే లేదు కాబట్టి ఆ డ్రమ్‌లతో నెట్టుకొచ్చాం. 70 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికంటే 100లో ఉన్నదాన్ని ఆపడానికి బ్రేకులు రెట్టింపు శక్తిని మింగాలి. కొత్త ఇంజిన్‌తో మొదటిసారి కొండ దిగుతుంటే ఆ లెక్క నాకు కాలి కింద తెలిసింది. డ్రమ్‌లు కాగిపోయి, పెడల్ ఎంత తొక్కినా బండి తగ్గలేదు. రెండో గేరులో వేసి, ఇంజిన్ అరుస్తుంటే ఎలాగో కిందికి చేరాను.

పెట్రోల్ గొట్టం సంగతీ అంతే. పాత ఇంజిన్ కార్బురేటర్ కోసం వేసిన రబ్బరు గొట్టం, కొత్త ఇంజిన్‌కి పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ పంపు ప్రెజర్‌కి ఆగదు. అదీ వెనక, వేడి ఇంజిన్ పక్కనే. దాన్నీ ఎవరూ చూడలేదు.

ఇంజిన్ మార్పిడిని నిషేధించమని అడగడం లేదు. పవర్ పెరిగిన బండికి బ్రేకులు, పెట్రోల్ లైన్ పరీక్షించాకే కాగితం ఇవ్వమంటున్నాను. బ్రెజిల్‌లో ఆ వ్యాన్ తయారీ 2013 చివర్లో ఆగింది కూడా ఇంజిన్ వల్ల కాదు, 2014 నుంచి కొత్త కార్లకు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి చేసినందుకు.

ఆ కొండ దిగిన వారానికే నేను ముందు చక్రాలకు డిస్కులు వేయించాను. ఆ ముక్క రికార్డులో ఎక్కిద్దామని వెళ్తే, ఫారంలో బ్రేకులకు గడే లేదు.

ఇట్లు,
ఒక పాత వ్యాన్ యజమాని